సంచిలో ఇంతకు ముందు ఏముండేది

పాత గోనెసంచులు అమ్మేటప్పుడు ఆర్మూరులో ఒక పద్ధతి ఉండేది. ధర చెప్పకముందే ఆ సంచిలో ఇంతకు ముందు ఏముండేదో చెప్పాలి. పసుపు సంచి అయితే పసుపు అని, మిరప సంచి అయితే మిరప అని. మిరప సంచిలో బియ్యం పోసుకున్నవాడి ఇంట్లో పిల్లలు కంచం ముందు కూర్చుని తుమ్ముతూనే ఉంటారు. సంచి చూస్తే తెలియదా అంటారేమో. దులిపి, ఎండబెట్టి, తిరగేసి కట్ట కట్టిన సంచిని చూసి ఎవరూ ఏమీ కనుక్కోలేరు. వానాకాలం చెమ్మ తగిలినప్పుడే వాసన బయటికి వస్తుంది. అందుకే చెప్పే బాధ్యత అమ్మేవాడిది. అడిగితే చెప్పడం కాదు, అడగకముందే చెప్పాలి. మా తాత దుకాణంలో ఈ నియమం తప్పినవాడికి రెండోసారి కూర్చోవడానికి చోటు దొరికేది కాదు.

మాది మార్కెట్ రోడ్డులో మూడు తలుపుల అడ్తి దుకాణం. రైతు తెచ్చిన పసుపును మా ముంగిట కుప్ప పోయించి, కొనేవాళ్లకు చూపించి, అమ్మిపెట్టి కమిషన్ తీసుకునేవాళ్లం. మా నాన్న కాలంలో అది పోయింది. ఎట్లా పోయిందో ఆర్మూరులో అందరికీ తెలుసు, మిగతావాళ్లకు తెలియాల్సిన అవసరం లేదు. దుకాణం పోయినా పిలుపు పోలేదు. ఊళ్లో నన్ను చిన్న సేటు అనే పిలిచేవారు. నేను కూడా ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటేవాణ్ని కాదు. మా ఆవిడ నా నడక చూసి, "వీపుకు గజంబద్ద కట్టుకున్నరా ఏంది?" అనేది. కట్టుకోలేదు. మా ఇంట్లో అందరి వీపులూ అట్లాగే ఉంటాయి.

నిజామాబాద్ పోయి కంప్యూటర్ మీద లెక్కలు రాయడం నేర్చుకుని వచ్చి, మా ముందుగదిలో ఒక కంప్యూటర్ పెట్టుకున్నాను. ఊళ్లో అప్పుడప్పుడే ఆ అవసరం మొదలవుతున్న కాలం. ముగ్గురు అడ్తి సేట్లు నాకు పని ఇచ్చారు. వాళ్లలో ఒకాయన మా తాత దుకాణం కొనుక్కుని అందులో కూర్చున్న మనిషి. మా తాత ఉన్నన్నాళ్లూ రోజూ ఆ దుకాణంలోనే ఉండేవాడు, చిన్నప్పుడు ఆయన్ను కాకా అని పిలిచేవాణ్ని. దుకాణం చేతులు మారిన నాటి నుంచి సేటూ అనే పిలిచాను. ఆయనకు అది అర్థమైంది. నేనూ అర్థం కావాలనే పిలిచాను.

అడ్తి లెక్క అంటే ఉత్త కూడికలు కాదు. ఏ ఊరి రైతుకు విత్తనం వేళ ఎవరు పెట్టుబడి ఇచ్చారు, ఎవరి పంట ఎవరి దుకాణానికి రావాలి, ఎంత కమిషన్ తగ్గించుకుంటామని లోపల మాట ఉంది, అన్నీ అందులో ఉంటాయి. మా మార్కెట్లో ధరను నోటితో చెప్పుకోని రోజులు నేను చూశాను. తువ్వాల కింద ఇద్దరూ చేతులు పెట్టి, వేళ్లు నొక్కి బేరం తెంపుకునేవారు. పక్కన నిలబడ్డవాడికి కూడా తెలిసేది కాదు. అట్లాంటి బజారువాళ్లు తమ లెక్కలు నా ముందుగదికి పంపారంటే మా తాత మీద ఉన్న నమ్మకమే. ముగ్గురూ విడివిడిగా వచ్చి ఒకే మాట అడిగారు: మిగతా ఎవరి కంటా పడొద్దు. నేను ముగ్గురికీ ఒకే మాట ఇచ్చాను.

ఆ లెక్కల నకళ్లు భద్రంగా ఉండాలని ఒక హార్డ్ డిస్క్ కొన్నాను. కంప్యూటర్ బయట బల్లమీద పెట్టుకునేది, ఇటుకంత డబ్బా, దానికి వేరే కరెంటు వైరు. ఒక్క పసుపు సీజన్ వాడాను. మరుసటి ఏడు సేట్లు ఎవరి కంప్యూటర్ వాళ్లు కొనుక్కున్నారు. ఒకాయన అల్లుణ్ని కూర్చోబెట్టాడు, ఇంకొకాయన బావమరిదిని. నేను ఎవరి లెక్కలు వాళ్లకు అప్పగించి, డిస్కులో ఉన్నవన్నీ చెరిపేశాను. డబ్బా బీరువా ఎక్కింది.

కొన్నాళ్లకు ప్రింటర్ కొనాలనుకున్నాను. పెండ్లిపత్రికలు, బడుల ప్రశ్నపత్రాలు ఇంట్లోనే అచ్చువేయవచ్చు. దానికోసం డబ్బా అమ్మాలి. కాని ఒకప్పుడు దుకాణంలో తక్కెళ్లతో సహా సామాను అమ్ముకున్న ఇల్లు మాది. మళ్లీ ఒక వస్తువు చేతిలో పట్టుకుని మార్కెట్ రోడ్డులో తిరగడం నాకు కుదరదు. ఇంటర్నెట్లో అయితే అమ్మేవాడి ముఖం ఎవరికీ కనపడదు. అందుకే పెర్కిట్ పోయాను.

పెర్కిట్‌లో హైవే పక్కన ఒక ఫొటో స్టూడియో ఉండేది. దాని యజమాని పెండ్లిళ్ల వీడియోలు తీసేవాడు. స్టూడియో మూలకు ఇంటర్నెట్ కూడా పెట్టాడు. నాకంటే చిన్నవాడు, తమ్మీ అని పిలిచేవాణ్ని. ఉచితంగా ప్రకటనలు పెట్టుకునే ఒక వెబ్‌సైటు తెరిచి, నేను చెప్తుంటే రాయడానికి కూర్చున్నాడు. సైజు రాశాడు, ధర రాశాడు, కొద్దిగా వాడినది అని రాశాడు.

"ఇంకో మాట రాయి," అన్నాను. "ఒక సీజన్ ఆర్మూర్ పసుపు అడ్తి దుకాణాల లెక్కలు పెట్టినం. ఇప్పుడు ఖాళీ."

అతను వేళ్లు ఆపి నా వైపు తిరిగాడు. "గదెందుకు చిన్న సేటు? దాంట్ల ఏం పెట్టిన్రో ఎవడడిగిండు?"

"అడగకముందే చెప్పాలె. సంచి అమ్మితే చెప్తమా, లేదా?"

"గిది సంచి గాదు. ఇనుప డబ్బా."

"నింపెటిదే గదా. రాయి."

రాశాడు. రాస్తూ, "గింత సాఫ్ మనిషి నెట్ల బతకడు," అని గొణిగాడు. తర్వాత డబ్బాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "నాకే పనికొస్తది. కని మీరు బేరం ఆడనియ్యరు."

"ఆడనియ్య."

"మరింకేంది," అని డబ్బా పక్కన పెట్టి ప్రకటన ఎక్కించాడు.

ఫోన్లు వచ్చాయి. ఒకడు దాంట్లో సినిమాలున్నాయా అని అడిగాడు. ఇంకొకడు సగం ధరకు ఇచ్చి బస్సులో పంపమన్నాడు. నేను ఫోన్ పెట్టేస్తుంటే మా ఆవిడ బియ్యం ఏరుతూ, "బేరం చేసెటోడు ఎప్పటికన్న కొంటడు. గట్ల పెట్టెయ్యకున్రి," అంది. మా తాత దుకాణంలో ఉండాల్సిన మనిషి ఆమె.

ఆ తర్వాత ఒకాయన మోటారుసైకిల్ మీద నేరుగా ఇంటికే వచ్చాడు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. నిజామాబాద్ నుంచి వస్తున్నానని, నెట్లో చూశానని చెప్పాడు. డబ్బా తెచ్చి ముందు పెట్టాను. దాన్ని ముట్టుకోలేదు. నా ధరకు ఒప్పుకుని, నేనేమీ అనకముందే ఇంకా పైకి పోయాడు. కొత్తది కొన్నా అంత కాదు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు అనుమానం రాలేదు. ఆ మాట రాసినందుకు, మా ఇంటి నిజాయితీకి కట్టిన ధర అనుకున్నాను.

చాయ్ కోసం లోపలికి పోతే మా ఆవిడ స్టవ్ దగ్గర నన్ను ఆపింది.

"గాయన సామాను దిక్కు సూస్తలేడు."

"నమ్మకం."

"పెండ్లిచూపులకొచ్చి పిల్లను సూడకుంట ఇల్లు సూసెటోని లెక్కున్నడు. బేరం చెయ్యనోడు కొనెటోడు గాదు. ఏందో అడుగున్రి."

నేను చాయ్ తీసుకుని బయటికి వచ్చి, డిస్కు వైరు చేతిలోకి తీసుకున్నాను. "ఒక్కసారి పెట్టి చూపిస్త. ఖాళీగుందో లేదో మీ కండ్లతోని చూసుకోన్రి."

ఆయన గబుక్కున డబ్బా మీద అరచెయ్యి పెట్టాడు. "వద్దొద్దు, పెట్టకున్రి. మీరు చెరిపినంక దీంట్ల కొత్తగ ఏం ఎక్కియ్యలే గదా?"

"ఎక్కియ్యలే."

"మంచిగైంది. గట్లనే ఉండనియ్యున్రి."

"ఖాళీ డబ్బా మీద గింత ప్రేమేంది?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. నేను తెలిసే ఆ మాట ప్రకటనలో రాయించానని అనుకున్నట్టున్నాడు. "ఖాళీ ఎక్కడిది సేటు. చెరిపితే పేరు పోతది, లోపలి మాలు పోదు. గది బయటికి తీసెటోళ్లు హైదరాబాద్‌ల ఉన్నరు. మా సేటు వచ్చే సీజన్‌కు ఆర్మూర్‌ల దుకాణం పెడుతున్నడు. ఏ రైతు ఎవని చేతుల ఉన్నడో ముందే ఎరుకైతే మాకు జర ఆసానుంటది."

డబ్బాను ఆయన చేతికింద నుంచి నా వైపు జరుపుకున్నాను. "నేను సంచి అమ్ముతున్న. మాలు నాది గాదు."

"ఎవనిది మరి? మీ దుకాణం పోయిననాడు గా ముగ్గుర్ల ఒక్కడన్న మీ గడప తొక్కిండా?"

ఊళ్లో విచారించుకునే వచ్చాడు.

"తొక్కలే," అన్నాను.

"ఒకడైతే మీ గద్దె మీదనే కూసున్నడు."

"కూసున్నడు. కొనుక్కున్నడు, కూసున్నడు. మాట ఇచ్చింది వాళ్లు గాదు, నేను. చాయ్ తాగి పోన్రి."

సగం తాగి పోయాడు. మా ఆవిడ వచ్చి గ్లాసులోకి చూసింది. "గిది సుత పూర్తి చెయ్యలే," అని తీసుకుపోయింది.

ఆయన ముందు తొణకలేదు కాని, ఆయన పోయిన తర్వాత ఆ డబ్బాను చూస్తే నాకు కుదురు లేదు. అమ్మడం సంగతి అటుంచి, అది ఇంట్లో ఉన్నంతకాలం ముగ్గురి వ్యాపారం నా బీరువాలో ఉన్నట్టే. దొంగ ఎత్తుకుపోయినా, రిపేరువాడు చూసినా పోయేది నా మాట. సంచిని తిరగేసి దులిపాననుకున్నాను. ఈ సంచికి దులపడం చాలదని నాకెవరూ చెప్పలేదు. మరునాడు పొద్దున్నే దాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని ఆటో ఎక్కి పెర్కిట్ చేరాను.

స్టూడియో అతను విని తల కొట్టుకున్నాడు. "నేను చెప్తనే ఉంటి గదా, గా ముక్క రాయొద్దని."

"ముక్క తప్పు గాదు. ఖాళీ అన్నది తప్పు. దీన్ని నిజంగ ఖాళీ ఎట్ల చేస్తరు?"

"ఖాళీ చేసుడు గాదు, నింపుడు. కొత్తది పైనుంచి పడితేనే పాతది పోతది. అంచుదాక నింపాలె, ఏడ సందు ఉండొద్దు."

"దేంతోని నింపుదం?"

"నా తాన పెండ్లిళ్లు గాక ఏమున్నయి సేటు?"

కమ్మర్‌పల్లి పెండ్లితో మొదలుపెట్టాడు. తర్వాత ఇంకో పెండ్లి. ఒక్కో వీడియో ఎక్కడానికి చాలాసేపు పట్టేది. తెరమీద పచ్చగీత నత్తలా నడిచేది. నేను ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. ఇంటికి పోయి రమ్మని అతను రెండు మూడుసార్లు చెప్పాడు. "గది యాడికీ పారిపోదు," అన్నాడు. కుప్ప తూకం పూర్తయ్యేదాకా కాంటా దగ్గర నుంచి మా తాత లేచేవాడు కాదు. నేనూ లేవలేదు. మధ్యాహ్నానికి డబ్బా నిండింది. ఇక చోటు లేదని కంప్యూటర్ చెప్పింది. అన్నీ చెరిపించి, వేరే పెండ్లిళ్లతో మళ్లీ మొదటి నుంచి నింపించాను.

రెండోసారి కూడా నిండుతుండగా స్టూడియో ముందు ఆటో ఆగింది. మా తాత దుకాణంలో కూర్చునే సేటు దిగాడు. తెల్లచొక్కా ఆయన మార్కెట్ ఎదుట హోటల్లో కూర్చుని మా ఇల్లెక్కడో అడిగాడట. ఎందుకడిగాడో కూపీ లాగడం మా బజారుకు పెద్ద పని కాదు. సేటు మా ఇంటికి పోతే మా ఆవిడ ఇటు పంపింది. పెద్దమనిషి, మెట్లెక్కితేనే ఆయాసం.

"బిడ్డా, డబ్బా అమ్ముతున్నవట."

"అమ్ముతున్న సేటూ."

"ఎవనికి?"

"ఇంకా ఎవరికీ ఇయ్యలే."

"నాకియ్యి. ఎంతనన్న ఇస్త. తీస్కపోయి గోదావరిల ఏస్త."

"ఇయ్య."

ఆయన ముఖం నల్లబడింది. భుజం మీది తువ్వాలతో చెమట తుడుచుకున్నాడు. "దుకాణం సంగతి ఇంక కడుపుల పెట్టుకున్నవా?"

"దుకాణం సంగతి గాదు. దీంట్ల ఉండెటివి మీ ఒక్కరి లెక్కలే గాదు. ఇంక ఇద్దరివి సుత ఉండె. మీకెట్లిస్త?"

తన లెక్క బయటపడుతుందన్న బెంగలో, మిగతా ఇద్దరి లెక్కలు తన చేతికి వస్తాయన్నది సేటుకు అప్పటిదాకా తోచలేదు. తోచగానే కళ్లలో ఒక మెరుపు మెరిసింది. వ్యాపారస్థుడు కదా. అది నేను చూశానని ఆయనకు తెలిసింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"గాళ్లొచ్చి అడిగితే?"

"గాళ్లకు సుత గిదే మాట. పాత లెక్కలు పోవాలెనని దీన్ని రెండుసార్లు నింపిస్తున్న."

"అయితే నాకు నమ్మకమెట్ల?"

"చెయ్యి పెట్టి చూసుకోన్రి. అడుగుదాక."

మార్కెట్లో కుప్ప పైన మంచి కొమ్ములు పరిచి అడుగున తడి సరుకు దాచేవాళ్లుంటారు. అందుకే కొనేవాడు మోచేతిదాకా కుప్పలో దించి అడుగు కొమ్ము తీసి విరిచి చూస్తాడు. సేటు అట్లాగే చూశాడు. మౌసు ఆయనకు చేతకాదు. పైది కాదు కిందది తెరువు, ఇది కాదు దాని కిందది, అని స్టూడియో అతన్ని సతాయించాడు. ఏది తెరిచినా తలంబ్రాలు, బాజాలు, బంతిభోజనాలు.

"ఆపు," అన్నాడు సేటు ఒకచోట. "గా బంతిల ఉన్నది నేనే గదా?"

"మీరే. ఏర్గట్ల పెండ్లి. ఇప్పుడు మీరు మూడోసారి జిలేబి అడిగెటిది వస్తది."

"డాక్టర్ వద్దన్నడు. ఇంట్ల చూస్తే పీక్కతింటరు. గంత ముక్క కోసెయ్యి."

"పెండ్లోళ్లు జెప్తె కోస్త. మీరు వాళ్లను అడుగున్రి."

నాకు నవ్వు వచ్చింది. సేటుకూ వచ్చింది. తెరమీద ఆయన జిలేబి అందుకుంటుంటే ఇక్కడి ఆయన తల తిప్పుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "మా అల్లుడు రాసే లెక్క ఒక్కటి కుదుర్తలేదు. సీజన్‌కు మల్ల నీకు పంపన్నా?"

"ఇంటికి పంపున్రి. దుకాణానికి నేను రాను."

"రానని ఎరుకే," అన్నాడు.

అప్పుడు స్టూడియో అతను గొంతు సవరించుకున్నాడు. "అంత మంచిగనే ఉంది. ఇగ నా సంగతి జెప్పున్రి. గీ డబ్బాను ఎవలకు అమ్ముతరు?"

"ప్రకటన ఉంది గదా. ఎవరొస్తే వాళ్లకు."

"దీంట్ల నా గిరాకీల పెండ్లిళ్లు నిండి ఉన్నయి. చెరిపినా పోవని ఇప్పుడు మీకు ఎరుకే. గాళ్ల ఇంటి ఆడోళ్ల ముఖాలు బయటోనికి ఇస్తరా?"

సేటు పొట్ట కదిలేలా నవ్వాడు. "కట్టేసిండుర బిడ్డా."

మా వంశంలో ఎవరినీ ఇట్లా గోడకు ఆనించి బేరం అడిగినవాడు లేడు. అడిగిన తీరు మాత్రం నాకు నచ్చింది. డబ్బా అతని దగ్గరే ఉండాలి, ఇంకెక్కడికి పోయినా తప్పే. కాని నా ధర తగ్గించడం ఇంకొకరి ముందు, అందులోనూ ఆ సేటు ముందు, నోటితో అనడం నా వల్ల కాదు. సేటు అది గ్రహించాడు. భుజం మీది తువ్వాల తీసి నా ఒడిలో వేశాడు.

స్టూడియో అతనికి వేళ్ల బేరం రాదు. తువ్వాల కింద అతని చెయ్యి పట్టుకుని, ఏ వేలు నొక్కితే ఎంతో చెప్పాను. త్వరగానే పట్టాడు. మొదట మరీ తక్కువకు నొక్కాడు. నేను చెయ్యి లాగేసుకున్నాను. మళ్లీ పెట్టాడు. సేటు ఇటు చూడకుండా ముఖం రోడ్డు వైపు తిప్పుకుని కూర్చున్నాడు. తువ్వాల కింద చేతులున్నప్పుడు పక్కవాడు అట్లాగే కూర్చోవాలి. మా తాత దుకాణంలో ఉన్నన్నాళ్లూ కాకా అట్లాగే కూర్చునేవాడు. చివరికి ఒక వేలు అతను ఎక్కాడు, ఒక వేలు నేను దిగాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గడపలో నిలబడి ఉంది.

"అమ్మిన్రా?"

"అమ్మిన."

"ఎంతకు?"

"తువ్వాల కింద అమ్మిన."

"అంటే తక్కువకే పోయింది," అంది. "ఎవలు?"

"స్టూడియో తమ్మి. మస్తు బేరమాడిండు."

"అయితే కొనెటోడే," అని లోపలికి పోయి చాయ్ పెట్టింది.